తల్లిని ముందుంచుకొని: జగ్గయ్యపేట శాసనాన్ని యాత్రా కథనంగా చదవడం

స్త్రీల యాత్రా రచనల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఎక్కువగా ఒంటరిగా బయల్దేరిన స్త్రీ కోసమే వెతుకుతాం. ఇల్లు వదిలి వెళ్తేనే చూపు స్వతంత్రమవుతుందని మన విమర్శ నమ్ముతున్నట్టుంది. మనలో చాలామంది ప్రయాణాలు మాత్రం కుటుంబంతోనే సాగాయి. 1876లో మద్రాసు నుంచి ఇంగ్లండు యాత్రా గ్రంథం వెలువరించిన పోతం జానకమ్మ కూడా భర్తతో వెళ్ళినావిడే. ఇవాళ జైసల్మేర్ ఇసుక తిన్నెలైనా, ఉదయపూర్ చిత్రకారుల వీధులైనా మనం చూసేది అత్తమామలతో, పిల్లలతో, మందుల సంచీతోనే. తిరిగొచ్చాక రాసే వ్యాసంలో ‘కుటుంబ సమేతంగా’ అన్న రెండు మాటల్లో ఆ స్త్రీలంతా కలిసిపోతారు. మరి కుటుంబ యాత్రను మనం ఎలా చదవాలి? ఈ ప్రశ్నకు నాకు కొంత దారి దొరికింది జగ్గయ్యపేట స్తూపం దగ్గర బయటపడిన ఒక ప్రాకృత శాసనంలో.

కృష్ణా జిల్లా అంటే కాలవలూ వరిచేలూ అనుకునేవాళ్ళకి నందిగామ దాటాక వేరే లోకంలోకి వచ్చినట్టుంటుంది. 2022లో ఈ మెట్ట ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళింది కూడా. ఇది ఎడారి కాదు గానీ, వాన కోసం ఎదురుచూసే నేల. పత్తి, మిరప, నేలకింద సున్నపురాయి. ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలు పొడి చేస్తున్న సున్నపురాతినే ఒకప్పుడు శిల్పులు చెక్కారు. జగ్గయ్యపేట, గుమ్మడిదుర్రు, అల్లూరు, ఇవన్నీ బౌద్ధ స్తూపాలు వెలసిన ఊళ్ళు.

జగ్గయ్యపేటలో 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపించాడు. అక్కడ దొరికినవాటిలో అందరికీ తెలిసింది ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న మాంధాత ఫలకం. చక్రవర్తి చుట్టూ అతని సప్తరత్నాలు ఉంటాయి. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, వాటితోపాటు స్త్రీ. ఆ శిల్పం అందాన్ని మెచ్చుకుంటూనే, ఏనుగుతో గుర్రంతో కలిపి స్త్రీని లెక్కపెట్టిన ఆ జాబితాను కూడా మనం చదవాలి. ఆ స్త్రీకి పేరు లేదు.

అదే స్తూపం దగ్గర, ఫలకం తర్వాత కొన్ని శతాబ్దాలకు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారాన ఐదు ఆయక స్తంభాలు నిలిపాడు. శాసనం మూడు ఊళ్ళు చెబుతుంది. నడతూరు, అతను నివాసమున్న మహాకందురూరు, స్తంభాలు నిలిపిన వెలగిరి. మూడు ఊళ్ళున్నాయంటే మధ్యలో దారులుంటాయి, దారిలో ఎవరో ఒకరు వండి పెట్టే ఉంటారు. ఆ తర్వాత పేర్లు వస్తాయి. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, సోదరుడు బుధినక, అతని భార్య కనిక, వాళ్ళ పిల్లలు నాగసిరి, చందసిరి, సిద్ధథనిక. తొమ్మిది మందిలో ఐదుగురు స్త్రీలు. పైగా తల్లిని ‘ముందుంచుకొని’ ఈ దానం చేశానంటాడు సిద్ధార్థుడు.

ఇది చూసి పొంగిపోనక్కర్లేదు. శిల్పి అన్న వృత్తినామం సిద్ధార్థుడికీ అతని తండ్రికీ మాత్రమే ఉంది. సముదని ఏం పని చేసేదో, ఆమె చేతికీ రాతిదుమ్ము అంటిందో లేదో శాసనం చెప్పదు. ప్రతి స్త్రీ ఎవరో ఒక మగవాడికి ఏమవుతుందో చెప్పాకే మనకు కనిపిస్తుంది. అయినా చక్రవర్తి పక్కనున్న స్త్రీరత్నానికి దక్కనిది ఈ ఐదుగురికీ దక్కింది. పేరూ, ఆ పేరు మీద దానంలో భాగమూ.

ఒక వేసవిలో మా ఇంటిల్లిపాదీ కార్లో ఆ స్తూపం చూడ్డానికి వెళ్ళాం. ముందు సీటు మామగారిది. అత్తయ్య వెనక సీట్లో, నాకూ పిల్లలకీ మధ్య, ఒళ్ళో పులిహోర డబ్బాతో సర్దుకుని కూర్చున్నారు. దిబ్బ దగ్గర నేను ఈ పేర్లు చదివి వినిపిస్తే, “వాళ్ళమ్మ పేరు కూడా వేయించాడా?” అని రెండుసార్లు అడిగారు. ఆ రాత్రి మామగారు బంధువులకు ఫోన్లో “మేం జగ్గయ్యపేట చూసొచ్చాం” అని చెప్పారు. ఎండ గురించీ, రోడ్డు గురించీ కూడా చెప్పారు. అత్తయ్య అడిగిన ప్రశ్న ఆ ‘మేం’లో ఎక్కడా లేదు.

మన యాత్రా సాహిత్యంలోని ‘మేము’ను ఇలా విప్పి చూడాలని నా ప్రతిపాదన. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి అలసట చూసి బండి ఆపారు, ఎవరి మాట పుస్తకం దాకా రాలేదు అని అడగాలి. రాసేవాళ్ళం తోడొచ్చినవాళ్ళను పేర్లతో రాయాలి. బేతవోలుకు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట చేశాడు. ఆ పేరు ఊళ్ళో ప్రతి బోర్డు మీదా ఉంది. నాగిలని పేరు మాత్రం శాసనాల సంపుటాలు తిరగేసేవాళ్ళకే తెలుసు. ఆమె పేరును మన వ్యాసాల్లోకి, మన తరగతి గదుల్లోకి తెచ్చుకోవడం మన చేతిలో పనే.