చివరిది ముందే చెప్పేస్తే

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ మొదటిసారి చదివినప్పుడు మధ్యలో కొన్ని పేజీలు దాటేశాను. సుందరపాలెం ఎలా మారింది, రోడ్డెలా వచ్చింది, బడెలా వచ్చింది... ఇదంతా ఎందుకు, అసలు కథ ఎప్పుడు మొదలవుతుంది అని విసుగొచ్చింది. చివర్లో సీతారాముడు కన్నకొడుకుని చంపేసినప్పుడు ఉలిక్కిపడ్డాను. పుస్తకం మూసి, ‘అప్పు, వెట్టి బతుకు గురించిన కథ’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. కథ అర్థమైపోయిందనుకున్నాను.

మనలో చాలామంది చదివేది ఇలాగే. ఇతివృత్తం అరటిపండు తొక్కలాంటిదనీ, అది వలిచి పారేస్తే లోపల వస్తువు దొరుకుతుందనీ అనుకుంటాం. ‘ఈ కథ ఏం చెప్తోంది?’ అని అడుగుతాం గానీ, ‘ఏది ముందు చెప్పింది, ఏది చివరిదాకా దాచింది?’ అని అడగం. నాకైతే ఈ రెండో ప్రశ్నలోంచే మొదటిదానికి జవాబు దొరుకుతోంది.

ఈమధ్య ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. కథలో చివరి సంగతిని మొదటికి తెచ్చి, మనసులో ఆ కథ మళ్ళీ చెప్పుకోవడం. ఏం పోయిందో చూసుకోవడం.

గురజాడ ‘దిద్దుబాటు’ (1910) తీసుకోండి. గోపాలరావు సానిపాటకెళ్ళి అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. కమలిని ఉండదు, ఉత్తరం ఉంటుంది. నౌకరు రాముడి మీద చెయ్యి చేసుకుంటాడు, కూలబడతాడు, తప్పు ఒప్పుకుంటాడు. చివర్లో తెలుస్తుంది, కమలిని మంచం కిందే ఉందని.

ఇప్పుడు ఆ మంచం సంగతి మొదటి పేరాలోనే చెప్పేయండి. మంచి హాస్యకథ మిగులుతుంది. కంగారు పడుతున్న మొగుణ్ణి చూసి మొదటినుంచీ నవ్వుతాం. గురజాడ దాచాడు కాబట్టి ఆ కంగారులో మనమూ ఉన్నాం. ఇంకోటి కూడా ఉంది. మీటింగులకని చెప్పి సానిపాటకెళ్ళిన మనిషి నిజం మాట్లాడింది భార్య ఇంట్లో లేదనుకున్నప్పుడే. చదువుకున్న స్త్రీ గొప్పదనం గురించి అతను ఉపన్యాసమిచ్చింది నౌకరుకి. వినవలసిన మనిషి ఆ గదిలోనే ఉంది, అతనికే తెలీదు. స్త్రీవిద్య, సంస్కరణ అని మనం రాసుకునే పెద్ద మాటల కింద ఉన్న అసలు ప్రశ్న ఇదే: సంస్కర్త ఎవరితో మాట్లాడుతున్నాడు? ఈ ప్రశ్న కథలో ఎవరి నోటా రాదు. ఆ దాపరికమే దాన్ని అడుగుతుంది.

ఇదే పరీక్ష ‘యజ్ఞం’కి పెట్టి చూశాను. 1964లో వచ్చిన కథ. పసివాడి హత్యతో మొదలుపెడితే అది పేపర్లో నేరవార్త అవుతుంది. అప్పుడు మనం అడిగేది ఒక్కటే: వీడేం మనిషి? హత్య చివర్లో ఉంది కాబట్టి ప్రశ్న మారిపోతుంది: ఇదేం ఊరు?

ఆ ఊరు ఎలాంటిదో చెప్పేవే నేను దాటేసిన పేజీలు. సుందరపాలెంలో రాక్షసులెవరూ లేరు. శ్రీరాములునాయుడు గాంధేయవాది, ఊరి బాగు కోరినవాడు. అప్పల్రాముడు అప్పు తీసుకున్న మాట నిజమే, గోపన్న అడగడమూ న్యాయంగానే కనిపిస్తుంది. పంచాయితీ అందరి మాటా వింటుంది. అప్పల్రాముడు తన బతుకంతా లెక్కగా చెప్పుకుంటాడు. ఇంతమంది ఇంత కష్టపడితే చివరికి అప్పే ఎలా మిగిలిందో తనకి అంతుపట్టదు. అది విని జాలిపడతాం, కానీ అప్పు అప్పే కదా అని మనలోనే ఒకరు గొణుగుతారు. తీర్పు దగ్గరికొచ్చేసరికి మనం కూడా మండపంలో కూచుని తలూపుతున్నాం. సరిగ్గా అప్పుడు సీతారాముడు ఆ పని చేస్తాడు. ఆ ఊరి న్యాయం ప్రకారం తన కొడుక్కి మిగిలేది ఏమిటో మనకంటే అతనికే బాగా తెలుసు.

ఈ ముగింపు నమ్మేలా ఉందా అన్న చర్చ ఎప్పట్నుంచో ఉంది. ఏ తండ్రైనా అలా చేస్తాడా అని అడుగుతారు. ఆ అనుమానం నాకూ పూర్తిగా పోలేదు. కానీ ఒకటి గమనించాను. నమ్మశక్యమా అన్న ప్రశ్న సీతారాముణ్ణే అడుగుతున్నాం. మంచివాళ్ళంతా కలిసి చేసిన ఆ తీర్పుని మాత్రం ఎంత సులువుగా నమ్మేశామో! కథ కట్టిన వరసలో ఉచ్చు అక్కడుంది.

‘అప్పు, వెట్టి బతుకు’ అన్న నా మొదటి మాట తప్పేమీ కాదు. కాకపోతే ఆ మాట అనుకుని హాయిగా పడుకోగలిగాను. దాటేసిన పేజీలు చదివాక పడుకోలేకపోయాను. రోడ్డొచ్చింది, బడొచ్చింది, ఊరు బాగుపడింది అని చదువుతున్నప్పుడు, ‘ఎవరికి?’ అని అడగాలని నాకు ఒక్కసారీ తోచలేదు మరి.