నువ్వుగింజ పేరిటి యెముకలు

ముప్పదేండ్లుగా నట్టువాంగము చేయుచున్న నాకు శిష్యుల ముఖముకంటె పాదమే ముందుగా వారి బాధను విన్నవించును. మొన్న పళ్లెపుటంచులపై నిలిచి తరంగము సాధన చేసి దిగిన చిన్నది, కుడికాలి బొటనవ్రేలి మొదలు నేలకు తగులనీయక, పాదపు వెలుపలి యంచున బరువు మోపి నడచుట కనుపట్టగా, తాళము నిలిపి దగ్గరకు పిలిచితిని. “ఏం లేదు మాస్టారూ, గులకరాయి మీద నిలబడ్డట్టుంది, అంతే” అన్నది.

ఆ గులకరాయి నాకు చిరపరిచితము. భరతముని చెప్పిన ఐదు పాదభేదములలో ఉద్ఘట్టితము, అనగా పాదాగ్రమున నిలిచి మడమతో నేలను తాటించుట, మా అడుగులకు ప్రాణము. మడమ లేచిన ప్రతిక్షణమును దేహభారమును వ్రేళ్ల మొదళ్లనున్న యెముకల తలలే వహింపవలెను. అందును బొటనవ్రేలి మొదట స్నాయువులో ఇమిడి, గ్రీకుభాషలోని నువ్వుల పేరిట సెసమాయిడ్లని పిలువబడు రెండు చిట్టి యెముకలు, నలిగిననాడు వాచి రాత్రులు సలుపును.

యౌవనమున నేనును ఆ సలుపును దాచి, సిమెంటు వేదికలపై నెలదినములు ఆడి, తుదకు రెండవ వ్రేలి వెనుకటి యెముకకు చీలిక తెచ్చుకొంటిని; తొలి ఎక్స్‌రేలో కానరానిది, మూడువారముల పిదప తీసినదానిలో క్రొత్త యెముక పేరుకొనుచుండగా బయటపడినది. చీలిక అతికినను నొప్పి వీడక, నొప్పియున్నచోటనే దూదియొత్తు పెట్టుకొని, బరువునంతయు మరల అచ్చటికే తెచ్చుకొనుచుండగా, మా వీథిమొగను చెప్పులు కుట్టు వృద్ధుడు నా అరికాలు తడవి చూచి, “నొప్పి కింద కాదయ్యా, దాని వెనక పెట్టాలి” అని, గట్టి అడుగుగల చెప్పులో వ్రేళ్ల మొదళ్లకు రవంత వెనుకగా తోలుముక్కను గుబ్బవలె అంటించెను. వెనుకనుండి యెముకలు పైకెత్తబడగా ముందున్న తలలపై భారము తగ్గెను. ఆ వృద్ధునికి నేటికిని ఋణపడియున్నాను.

చిన్నదానికిని అదే మెత్త వేయించితిని. గుడ్డలో చుట్టిన మంచు పదునైదు నిమిషములు, ఉదయమును సాయమును. పిక్క బిగిసినచో నడకలో మడమ వేళకు ముందే లేచి బరువు ముందునకు త్రోయబడును గనుక, గోడకు చేతులాన్చి పిక్కలను సాగదీయించుచున్నాను. పాదముపై వాపెక్కినను, ఒక్క యెముకను నొక్కినచోటనే పొడిచినట్లున్నను ఇంటివైద్యము చాలదు. మధుమేహమున స్పర్శ మందగించిన పాదమునకు కాపడమైనను మంచైనను అపాయమే. ఆడుచుండగా అదే సర్దుకొనునను మాట గురువుల నోట విన్నప్పుడెల్ల నా మనస్సు మండును.

ఇప్పుడామె పీటపై కూర్చుండి, జతులు చేతితో వేయుచు, భామాకలాపపు చూపులను దిద్దుకొనుచున్నది. నిన్న సమపాదమున కొంతసేపు నిలిచినది. పళ్లెము మాత్రము గోడకు చేరబడియే యున్నది.