కొండకర్ల బురదలో వెలుగు పట్టే వలయాలు

కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సులో వెలుగు అడుక్కి చేరేలోపే చాలావరకు ఖర్చయిపోతుంది. తామరాకులు, నీటి మొక్కలు, నాచు కలిసి ఎరుపునూ నీలాన్నీ ముందే తీసేసుకుంటాయి. లోతు లేని ఒడ్డు బురదకు దక్కేది కొంచెం ఆకుపచ్చ, దానితోపాటు మన కంటికి ఆనని పరారుణ కాంతి. ఆ మిగులు మీదే బతికేవి ఊదా బాక్టీరియా. ఆక్సిజన్ అందక, ఆకులు కుళ్లి వాసన వేసే ఇలాంటి మంచినీటి బురద కూడా వీటి నివాసమే. చెట్లలాగే వెలుగుతో బతుకుతాయి గానీ ఆక్సిజన్ వదలవు. గాజుసీసాలో చెరువు బురద, కాసిని కాగితం ముక్కలు, కొంచెం జిప్సం వేసి, నీళ్లు నింపి, మూత బిగించి కిటికీ దగ్గర పెట్టండి. కొన్ని వారాలకు గాజు లోపలివైపు ఎర్రని, ఊదా మచ్చలు లేస్తాయి.

మన తీరానికి ఈ జాతుల్లో సొంత పేర్లే ఉన్నాయి. భీమిలి దగ్గర ఉప్పునీటి సాగు చెరువులో దొరికిన ఒకదానికి 2007లో మారిక్రొమాటియం భీమ్లికం అని పేరు పెట్టారు. అదే ఏడాది ఇంకో జాతికి కాకినాడ పేరు దక్కింది. హైదరాబాద్‌లో శశికళ, రమణ గార్ల పరిశోధక బృందం ఇలాంటి జాతులను ఎన్నిటినో వెలికితీసింది.

అసలు పనితనం మాత్రం కణం లోపలి పొరలో ఉంది. వెలుగు పట్టే ఆ పనిముట్టు రూపాన్ని 1995లో గ్లాస్గోలో రిచర్డ్ కాగ్‌డెల్, నీల్ ఐజాక్స్ బృందం బయటపెట్టింది. దాన్ని ఎల్‌హెచ్2 అంటారు. ప్రొటీన్లు రెండే రకాలు, ఆల్ఫా, బీటా. రెండూ పొట్టివే, యాభైకి అటూ ఇటూగా అమైనో ఆమ్లాలు. ఆవలో ఒంటి తాటిదోనె ఒరిగిపోతుంది, రెండు మానులు జతకడితేనే మనిషి బరువు మోస్తుంది. ఆల్ఫా, బీటా కూడా జతగానే రంగును మోస్తాయి. అలాంటి తొమ్మిది జతలు గుండ్రంగా కూడి వలయమవుతాయి. ఆల్ఫాలు లోపలివైపు, బీటాలు బయటివైపు. నడుమ సందులో 27 బాక్టీరియోక్లోరోఫిల్ రంగు అణువులు.

ఇక్కడ కాస్త నిలిచి చూడాలి. ఆ 27 అణువుల్లో 18 నిలువుగా, ఒకదాని ముఖం ఒకదానికి దాదాపు ఆనించి నిలబడ్డాయి. పక్కపక్క వాటి మధ్య దూరం ఒక నానోమీటరు కూడా లేదు. మిగతా తొమ్మిది పడుకుని ఉన్నాయి, ఒకదానికొకటి రెండు నానోమీటర్ల పైచిలుకు ఎడంగా. అణువు అన్నిచోట్లా ఒకటే. అయినా పడుకున్నవి 800 నానోమీటర్ల దగ్గర వెలుగు పీల్చుకుంటే, నిలబడ్డవి 850 దగ్గర పీల్చుకుంటాయి. అదే అణువును ప్రొటీన్ నుంచి విడదీసి మిథనాల్‌లో కలిపితే 770 దగ్గరికి జారిపోతుంది. కొత్త రంగు తయారుచేయకుండా, ఉన్నదాన్ని ఎక్కడ, ఎలా, ఎవరి పక్కన ఉంచాలన్న ఒక్క కూర్పుతోనే ఇంత తేడా తెచ్చుకుంది ఈ జీవి. నన్ను ఈ విషయం వైపు లాగింది ఇదే.

తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ శక్తి తగ్గుతుంది. కాబట్టి 800 దగ్గర చిక్కిన శక్తి దిగువకు, 850 వైపుకే జారుతుంది, అదీ ఒక పికోసెకనులోపే. వలయం పొడుగునా కెరోటినాయిడ్లు అనే రంగు అణువులు అల్లుకుని ఉంటాయి. ఆకులు వదిలేసిన ఆకుపచ్చను పట్టేది ఇవే. ఆక్సిజన్ పొరపాటున చేరితే పుట్టే హానికర రూపాల నుంచి కాపాడేదీ ఇవే.

ఎల్‌హెచ్2 పక్కనే ఇంకో పెద్ద వలయం, ఎల్‌హెచ్1. ఇది 875 దగ్గర పీల్చుకుంటుంది. దాని నడుమ, చేరిన శక్తితో ఎలక్ట్రాన్లను కదిలించే చర్యాకేంద్రం ఉంటుంది. ఆ కేంద్రం నిర్మాణాన్ని 1985లో చూపించిన డైసెన్‌హోఫర్, హ్యూబర్, మిషెల్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. చిన్న వలయం నుంచి పెద్ద వలయానికి కొన్ని పికోసెకన్లు, అక్కడి నుంచి కేంద్రానికి కొన్ని పదుల పికోసెకన్లు. దారిలో పోయేది చాలా తక్కువ.

2004లో అణుబల సూక్ష్మదర్శినితో ఆ పొరను తాకి చూసినప్పుడు వలయాలు ఎలా సర్దుకున్నాయో కనబడింది. పెద్ద వలయాల చుట్టూ చిన్నవి కిక్కిరిసి ఉన్నాయి. వెలుగు తగ్గించి పెంచిన కణాల్లో చిన్న వలయాలు ఇంకా ఎక్కువై, వరసలు తీరి కూర్చుంటాయని 2005లో సైమన్ షోయిరింగ్, జేమ్స్ స్టర్గిస్ చూపించారు. వెలుగు కరువైతే పెరిగేది సేకరణే, కేంద్రం కాదు.

ఇంత కిక్కిరిసిన చోట ఒక చిక్కుంది. కేంద్రంలో ఎలక్ట్రాన్లు ఎత్తుకున్న క్వినోన్ అణువు బయటికి వెళ్లాలి, ఖాళీది లోపలికి రావాలి. చుట్టూ వలయం మూసుకుంటే దారేది? ఒక్కో జాతి ఒక్కో తోవ పట్టింది. మంచినీటి బురదలో మామూలుగా కనిపించే రోడోసూడోమోనాస్ పాలుస్ట్రిస్‌లో పెద్ద వలయం పూర్తిగా మూసుకోదు. ఒకచోట ఆల్ఫా బీటా జతకు బదులు ఒంటరి ప్రొటీన్ నిలిచి, సందు తెరిచి ఉంచుతుంది. వేడినీటి ఊటల్లో బతికే థెర్మోక్రొమాటియం టెపిడంలో 16 జతలూ వలయాన్ని పూర్తిగా మూసేస్తాయి. అయినా జతకూ జతకూ నడుమ సన్నని ఖాళీలున్నాయి, క్వినోన్ వాటిలోంచి దూరిపోతుంది.