కాపరి ఎదుట స్త్రీ: ముగ్గురు నార్వే నవలా రచయిత్రులపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నార్వే సాహిత్యం అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చే పేరు ఇబ్సెన్. 1879లో వెలువడిన ఆయన నాటకంలో నోరా భర్త ఇంటిని విడిచి వెళ్లిన సన్నివేశం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. అయితే అంతకు ఇరవై ఐదేళ్ల ముందే, అదే దేశంలో, ఒక సంఘ కాపరి కుమార్తె స్త్రీ హృదయ వేదనను నవలగా రాసింది. ఆమె వేసిన బాటలో మరికొందరు నడిచారు. వారిలో ఒకరు 1928లో నోబెల్ బహుమతిని అందుకున్నారు. కమిల్లా కొల్లెట్, అమాలి స్క్రామ్, సిగ్రిడ్ ఉండ్‌సెట్ అనే ఈ ముగ్గురు రచయిత్రులను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

వీరి సాహిత్య సేవను గురించి చెప్పేవారు సాధారణంగా స్త్రీల హక్కులను, వాస్తవిక చిత్రణను, చారిత్రక నవలా నిర్మాణాన్ని ప్రస్తావిస్తారు. అవన్నీ నిజమే. కాని వేదాంత విద్యార్థులు, కాపరులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ముగ్గురి ప్రధాన నవలలలోనూ బాధలో ఉన్న ఒక స్త్రీ ఎదుట ఒక దైవ సేవకుడు నిలబడి ఉంటాడు. అతడు ఆమె మాట విన్నాడా? విని ఏమి చేశాడు? ఈ ప్రశ్నతో చదివితే ఈ నవలలు కాపరి పరిచర్యకు అద్దం పడతాయి.

1. కమిల్లా కొల్లెట్: చెప్పుకోలేని మాట

కొల్లెట్ 1813లో జన్మించింది. తండ్రి నికొలాయ్ వెర్గెలాండ్ 1814 నాటి నార్వే రాజ్యాంగ సభలో సభ్యుడు, తరువాత ఈడ్స్‌వోల్ సంఘానికి కాపరి. అన్న హెన్రిక్ వెర్గెలాండ్ జాతీయ కవి. యౌవనంలో ఆమె ప్రేమించినది వెల్‌హావెన్ అనే కవిని. అతడు అన్నకు సాహిత్య ప్రత్యర్థి. ఆ ప్రేమ ఫలించలేదు. 1841లో పీటర్ యోనాస్ కొల్లెట్‌ను వివాహం చేసుకుంది. పదేళ్లకే విధవరాలై, నలుగురు కుమారుల భారం మీద పడిన స్థితిలో, "జిల్లా అధికారి కుమార్తెలు" అనే నవలను 1854-55లో రచయిత పేరు లేకుండా ప్రచురించింది. ఆధునిక నార్వే నవలకు ఇది ఆరంభమని సాహిత్య చరిత్రకారులు తరచుగా చెప్తారు.

కథ క్లుప్తంగా ఇది. జిల్లా అధికారి రామ్ చిన్న కుమార్తె సోఫీ. అక్కల వివాహాలు ప్రేమను బట్టి కాక, సౌకర్యాన్ని బట్టి జరిగిపోయాయి. సోఫీ ఆ ఇంట ఉపాధ్యాయుడుగా ఉన్న కోల్డ్‌ను ప్రేమిస్తుంది, అతడూ ప్రేమిస్తాడు. కాని తన మనస్సును స్నేహితుని ఎదుట దాచుకోవడానికి అతడు చులకనగా పలికిన మాటలు సోఫీ చెవిన పడతాయి. ఆమె గాయపడుతుంది. అడగదు, అడగడానికి ఆనాటి స్త్రీకి భాష లేదు. చివరకు భార్యను కోల్పోయిన, వయసులో చాలా పెద్దవాడైన రెయిన్ అనే కాపరిని పెళ్లాడడానికి ఒప్పుకుంటుంది.

ఇక్కడ కొల్లెట్ నైపుణ్యాన్ని గమనించాలి. ఆమె రెయిన్‌ను చెడ్డవానిగా చూపలేదు. అతడు మంచివాడు, గౌరవనీయుడు. అందుకే ఈ ముగింపు మనలను మరింత కలవరపెడుతుంది. సంఘమంతా ఈ వివాహాన్ని దీవించగలదు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అయినా ఒక హృదయం నోరు విప్పకుండానే సమాధి అయిపోయింది. కాపరి గృహం ఆమెకు ఆశ్రయమైంది గాని, ఆమె మాటకు చోటు కాలేదు. తన తరువాతి వ్యాసాల సంపుటికి 1877లో ఆమె పెట్టిన పేరుకు "మూగవారి శిబిరం నుండి" అని అర్థం. ఆమె ముఖ్య విషయమంతా ఆ పేరులోనే ఉంది.

ఈ నవలకు పరిమితి లేకపోలేదు. కొల్లెట్ చూసినది అధికారుల, కాపరుల ఇళ్లనే. ఆ ఇళ్లలో పనిచేసిన స్త్రీల మౌనం ఆమె దృష్టికి అంతగా రాలేదు. ఆ లోటును తరువాతి తరం తీర్చింది.

2. అమాలి స్క్రామ్: కృపలేని లోకం

స్క్రామ్ 1846లో బెర్గెన్ నగరంలో జన్మించింది. పద్దెనిమిదేళ్ల వయస్సులో ఒక ఓడ కెప్టెన్‌ను పెళ్లాడి, అతనితో సముద్రయానాలు చేసింది. ఆ వివాహం విడాకులతో ముగిసింది. 1884లో డెన్మార్క్ రచయిత ఎరిక్ స్క్రామ్‌ను పెళ్లి చేసుకుంది. మరుసటి సంవత్సరమే ఆమె మొదటి నవల "కాన్‌స్టాన్స్ రింగ్" వెలువడింది. ముందు ఒప్పుకున్న ప్రచురణకర్త విషయం చూసి వెనుకకు తగ్గినందున, పుస్తకాన్ని వేరొక చోట ప్రచురించవలసి వచ్చింది.

కాన్‌స్టాన్స్ తనకంటె చాలా పెద్దవాడైన రింగ్‌ను పెళ్లాడుతుంది. భర్తకు ఇంటి పనిమనిషితో సంబంధం ఉందని తెలిసి, విడిపోవాలని నిశ్చయించుకుంటుంది. అప్పుడు బంధువులు, వారితోపాటు దైవ సేవకుడు, ఆమెకు బోధ చేసి తిరిగి కాపురానికి పంపిస్తారు. వివాహం పవిత్రమైనది, భార్య క్షమించాలి అన్నదే ఆ బోధ సారాంశం. అది వాక్యవిరుద్ధమైన బోధ అని ఎవరూ అనలేరు. కాని ఆ బోధలో పనిమనిషి లేదు. భర్త పశ్చాత్తాపం లేదు. క్షమాపణ అనే భారమంతా గాయపడినవారి మీదనే పెట్టబడింది. ఆమె రెండవ వివాహంలోనూ అదే చరిత్ర మరొక రూపంలో ఎదురవుతుంది. కథ ఆత్మహత్యతో ముగుస్తుంది. వివాహిత స్త్రీకి నార్వే చట్టం స్వతంత్ర ప్రతిపత్తిని ఇచ్చినది 1888లో, అంటే ఈ నవల వచ్చిన మూడేళ్లకు, అన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

స్క్రామ్ గొప్ప రచన "హెల్లెమీర్ ప్రజలు". నాలుగు నవలల ఈ గ్రంథం 1887 నుండి 1898 వరకు వెలువడింది. బెర్గెన్ సమీపాన బీద రైతు, జాలరి అయిన షుర్ గాబ్రియేల్, త్రాగుడుకు బానిసైన అతని భార్య ఒలీనె, వారి సంతానం ఇందులోని పాత్రలు. ప్రాణంగా చూసుకున్న చిన్న కుమారుడు మరణించినప్పుడు, అంతవరకు నిలదొక్కుకున్న తండ్రి కూడా సారాకు లోబడిపోతాడు. ఆ పతనం మనుమని తరాన్ని, ఆ తరువాతి తరాన్ని వెంటాడుతుంది.

దీనిని చదివే వేదాంత విద్యార్థికి నిర్గమకాండము 20:5 తప్పక జ్ఞాపకం వస్తుంది. తండ్రుల దోషం పిల్లల మీదికి రావడాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా చూపిన నవలలు అరుదు. అయితే యెహెజ్కేలు 18వ అధ్యాయం ఇక్కడ లేదు. ప్రతివాడు తన మార్గాన్ని మార్చుకొని బ్రతకవచ్చునన్న ప్రవక్త పిలుపు ఈ లోకంలో వినబడదు. ఆనాటి ప్రకృతివాద రచయితలు వంశపారంపర్యాన్ని, పరిసరాలను మనిషి విధిగా భావించారు. స్క్రామ్ కూడా ఆ కోవకు చెందినదే. విశ్వాసపరంగా ఇది లోపమే. కాని ఈ లోపానికి ఆమెను మాత్రమే నిందించడం న్యాయం కాదు. సువార్త ఆ పేదల గుడిసెలోకి నిందగా, శిక్షగా మాత్రమే ప్రవేశించి ఉంటే, కృపలేని లోకాన్ని చిత్రించిన రచయిత్రి తాను చూసినదానినే రాసింది.

1894లో కోపెన్‌హాగన్‌లో మానసిక చికిత్సాలయంలో ఉన్న అనుభవంతో, 1895లో రెండు నవలలు రాసింది. రోగి చెప్పేది వినకుండా తన నిర్ణయమే సత్యమనుకునే వైద్యుణ్ణి వాటిలో చూస్తాం. కాపరి, వైద్యుడు వేరు వేరు వృత్తులవారు. ఆమె దృష్టిలో వారి తప్పు ఒక్కటే: వినకముందే తీర్పు తీర్చడం.

3. సిగ్రిడ్ ఉండ్‌సెట్: పాపం, ఫలితం, కృప

ఉండ్‌సెట్ 1882లో డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్‌లో పుట్టి నార్వేలో పెరిగింది. పురావస్తు శాస్త్రజ్ఞుడైన తండ్రి ఆమెకు పదకొండేళ్లప్పుడు మరణించాడు. పదహారేళ్లకే ఒక కార్యాలయంలో ఉద్యోగంలో చేరి, పదేళ్లు పనిచేస్తూనే రచన సాగించింది. 1907లో వచ్చిన మొదటి నవల భర్తకు ద్రోహం చేశానన్న ఒక భార్య ఒప్పుకోలుతో ఆరంభమవుతుంది. 1920, 1921, 1922 సంవత్సరాలలో "క్రిస్టిన్ లావ్రాన్స్‌డాటర్" మూడు భాగాలుగా వెలువడింది. 1924లో ఆమె రోమన్ కతోలిక సంఘంలో చేరింది. 1537 నుండి లూథరన్ సంఘమే రాజ్య సంఘంగా ఉన్న దేశంలో అది చిన్న నిర్ణయం కాదు.

నవల కాలం 14వ శతాబ్దం. లావ్రాన్స్ అనే భక్తిపరుడైన రైతు కుమార్తె క్రిస్టిన్. తండ్రి నిశ్చయించిన సీమోన్‌ను కాదని, అప్పటికే మరొక స్త్రీతో ఇద్దరు పిల్లలున్న ఎర్లెండ్‌ను కోరుకుంటుంది. ఆ మొదటి స్త్రీ మరణానికి వీరిద్దరూ కారకులవుతారు. చివరకు తండ్రి ఒప్పుకున్న పెళ్లినాడు, కన్యకు చెందవలసిన బంగారు కిరీటాన్ని క్రిస్టిన్ గర్భవతిగా ధరిస్తుంది. బిడ్డ పుట్టిన తరువాత ఆ బిడ్డను ఎత్తుకొని, చెప్పులు లేకుండా నీదరోస్ వరకు నడిచి, ఆ కిరీటాన్ని దేవాలయంలో సమర్పిస్తుంది. అక్కడ ఆమెకు పాపక్షమాపణ ప్రకటించబడుతుంది.

సాధారణ రచయిత అయితే కథను అక్కడ ముగించేవాడు. ఉండ్‌సెట్ మరి రెండు దశాబ్దాలకు పైగా జీవితాన్ని చిత్రించింది. క్షమాపణ దొరికింది, ఫలితాలు పోలేదు. భర్తపై పాత అనుమానాలు, పాత కోపాలు పోలేదు. 2 సమూయేలు 12లో నాతాను దావీదుకు క్షమాపణను, దాని వెంటనే శిక్షను ప్రకటించిన సంగతి మనకు తెలుసు. ఆ అధ్యాయానికి ఇంతకంటె విస్తృతమైన సాహిత్య వ్యాఖ్యానం దొరకడం కష్టం.

ఈ నవలలోని దైవ సేవకులు ముందు చూసినవారికి భిన్నమైనవారు. బాల్యంలో హామర్‌లో క్రిస్టిన్‌ను కలిసిన సహోదరుడు ఎడ్విన్, దేవునిపై ప్రేమకు, లోకంపై ప్రేమకు మధ్య హృదయం చీలిపోవడమే మన దుఃఖానికి మూలమని ఆమెకు బోధిస్తాడు. తరువాత ఆమె పాపాన్ని తెలుసుకున్నప్పుడు దానిని పాపమనే చెప్తాడు. ఆమెను మాత్రం విడిచిపెట్టడు. కొల్లెట్ నవలలోని కాపరికి ఆమె మాట వినబడలేదు. స్క్రామ్ నవలలోని కాపరి సగం విని తీర్పు చెప్పాడు. ఎడ్విన్ పూర్తిగా విన్నాడు. అందువల్లనే అతడు గద్దించినప్పుడు ఆ గద్దింపు ఆమెకు మేలు చేసింది.

ప్రొటెస్టెంట్ పాఠకునికి ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఉంది. యాత్రలు, ప్రాయశ్చిత్తం, మృతుల కొరకు ప్రార్థనలు: ఇవి విశ్వాసమూలముగా నీతిమంతులుగా తీర్చబడుట అనే సత్యాన్ని మరుగుపరచవా? దీనికి నవల చివరి ఘట్టంలో ఆలోచించదగిన సమాధానం ఉంది. 1349లో మహామారి దేశాన్ని పట్టింది. భయంతో కొందరు ఒక బిచ్చగత్తె కుమారుని సజీవంగా పాతిపెట్టబోతారు. మఠంలో ఉంటున్న క్రిస్టిన్ అడ్డుపడుతుంది. మహామారితో చనిపోయిన ఆ తల్లి శవాన్ని గుడిసె నుండి తెప్పించడానికి తానే వెళ్తుంది. తనకే ఆ వ్యాధి సోకుతుంది. మరణశయ్యపై, ఆ బీద స్త్రీ ఆత్మ కొరకు ప్రార్థనలు చేయించమని తన పెళ్లి ఉంగరాన్ని తీసి ఇస్తుంది. అప్పుడు ఉంగరం ఉన్న చోట వేలిపై, మరియ పేరులోని మొదటి అక్షరపు గుర్తు కనిపిస్తుంది. తాను మొండిదైన దాసినే అయినా, యజమాని తన ముద్రను తీసివేయలేదని ఆమె గ్రహిస్తుంది.

ఉంగరం ఇచ్చిన ఉద్దేశాన్ని మన సిద్ధాంతం అంగీకరించదు. కాని క్రమాన్ని గమనించాలి. ఉంగరం ఇచ్చినందుకు ఆ గుర్తు ఏర్పడలేదు, ఇచ్చినప్పుడు బయటపడింది. ఆమె కోపం, పాపం, స్వార్థం అన్నీ ఉన్న ఆ సంవత్సరాలలోనే అది పడింది. రోమా 5:8 చెప్పే కృప కూడా ఇలాంటిదే. కతోలిక రచయిత్రి నవలలో లూథరన్ పాఠకుడు తన సంఘపు మూల సత్యాన్ని చూడగలగడం ఈ గ్రంథం గొప్పదనం.

అయితే ఉండ్‌సెట్ అన్ని విషయాలలో కొల్లెట్‌కు వారసురాలు కాదు. తన వ్యాసాలలో ఆమె స్త్రీవాద ఉద్యమాన్ని విమర్శించింది. మాతృత్వానికి ప్రధాన స్థానమిచ్చింది. ఆమె నవలలు మాత్రం ఆమె వ్యాసాల కంటె విశాలమైనవి. నోబెల్ బహుమతి ధనాన్ని ఆమె దానం చేసింది. 1940లో జర్మన్ సైన్యాలు దేశంలో ప్రవేశించినప్పుడు పెద్ద కుమారుణ్ణి యుద్ధంలో కోల్పోయి, తాను అమెరికాకు తరలిపోయింది. 1945లో తిరిగి వచ్చి, 1949లో మరణించింది. పాపానికైనా పుణ్యానికైనా ఫలితం ఉంటుందని రాసిన చేయి, సొంత జీవితంలోనూ వెల చెల్లించింది.

ముగింపు

మన సంఘాలలో కుటుంబ కలహం వస్తే మొదట పిలిచేది కాపరినే. పెద్దల సమక్షంలో ఇరువురినీ కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, "సర్దుకుపోవాలి తల్లీ" అని చెప్పి పంపడం మనకు పరిపాటి. ఆ మాట అనకముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని ఈ రచయిత్రులు నేర్పుతున్నారు. ఆమె చెప్పకుండా మిగిలిపోయినది ఏమిటి? ఇది కొల్లెట్ ప్రశ్న. నేను క్షమించమని చెప్తున్నప్పుడు పశ్చాత్తాపపడవలసినవారు ఎవరు, ఈ గదిలో లేనివారు ఎవరు? ఇది స్క్రామ్ ప్రశ్న. క్షమాపణ ప్రకటించిన తరువాత, ఫలితాలను భరించే సంవత్సరాలలో నేను ఆమెతో ఉంటానా? ఇది ఉండ్‌సెట్ ప్రశ్న.

పరిసయ్యుడైన సీమోను ఇంట విందులో, కన్నీళ్లతో తన పాదాలు తడిపిన స్త్రీని చూపి యేసు సీమోనును అడిగినది ఆమె పాపాల సంఖ్యను గురించి కాదు. ఈ స్త్రీని చూస్తున్నావా అని అడిగాడు (లూకా 7:44). ఆమె తన ఇంట్లోనే, తన బల్ల దగ్గరే ఉన్నా సీమోను ఆమెను చూడలేదు. ప్రసంగ వేదికకు వెళ్లేవారు ఈ మూడు నవలలలో ఒక్కదానినైనా, ఇంగ్లీషు అనువాదంలోనైనా, ఓపికతో చదివితే ఆ ప్రశ్న తమకూ వర్తిస్తుందని తెలుసుకుంటారు.