గరిటె లెక్క తెలిసిన మనిషి

డైటీషియన్ అనగానే నోరు కట్టేసే మనిషి గుర్తొస్తుంది. అసలు పనితనం వేరు. మంచి డైటీషియన్ ముందు వింటుంది: “నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నారండీ?” టీలో చక్కెర ఎన్ని చెంచాలు, అన్నం ఎన్ని గరిటెలు, నూనె ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుంది, అన్నీ రాబడుతుంది.

రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటుంది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఆ అంకెను మన కంచంలోకి దించడమే ఈమె నేర్పు. “ఆవకాయ మానక్కర్లేదు, రోజూ వద్దు. వేసుకున్ననాడు పప్పులో ఉప్పు తగ్గించండి. మూడో గరిటె అన్నం బదులు తోటకూర వేపుడు ఇంకాస్త వడ్డించుకోండి.”

మళ్లీ వెళ్తే మందలించదు. ఎక్కడ కుదరలేదో అడిగి, లెక్క సవరిస్తుంది. పథ్యం పది రోజుల ముచ్చట. ఇంటి వంటలో ఇమిడిన మార్పే నిలుస్తుంది.