విటమిన్ 'సి' - ఎలర్జీ: ఒక విమర్శ

రసాయన బంధముల స్వరూపమును వివరించి 1954లో నోబెల్ బహుమానము పొందిన లైనస్ పౌలింగ్ పేరు విద్యార్థులకు పరిచితమే. ఆయన 1986లో ప్రకటించిన 'హౌ టు లివ్ లాంగర్ అండ్ ఫీల్ బెటర్' అను గ్రంథములో ఎలర్జీలపై ఒక ప్రకరణమున్నది. విటమిన్ 'సి' హెచ్చు మోతాదులలో సేవించిన ఈ బాధలు ఉపశమించునని ఆయన ఆశ.

ఈ ఆశ నిరాధారము కాదు. సరిపడని పుప్పొడియో, దుమ్మో సోకినప్పుడు శరీరములోని మాస్ట్ కణములు హిస్టమిన్ అను పదార్థమును విడుదల చేయును. తుమ్ములు, దురద, ముక్కు కారుట దాని ఫలితములే. విటమిన్ 'సి' కొరవడినవారి రక్తములో హిస్టమిన్ హెచ్చుగా నుండుటయు, విటమిన్ ఇచ్చిన పిమ్మట తగ్గుటయు పరిశోధకులు గమనించిరి.

అయితే రక్తములో హిస్టమిన్ తగ్గినంతమాత్రమున రోగికి తుమ్ములు తగ్గినవని చెప్పవచ్చునా? అది తేలవలెనన్న, రోగులలో సగము మందికి విటమినును, తక్కినవారికి అదే రూపముగల మందులేని మాత్రను, ఎవరికేది ఇచ్చినదీ తెలియనీయక ఇచ్చి చూడవలెను. ఎలర్జీల విషయమున అట్టి పరీక్షలు కొద్ది. వాని ఫలితములును ఏకరీతిగా లేవు. జలుబు విషయమున పరీక్షలు అనేకము జరిగినవి. వానినన్నిటిని పరిశీలించిన 2013 నాటి సమీక్ష ప్రకారము, నిత్యము విటమిన్ సేవించినను సామాన్యులకు జలుబు వచ్చుట తగ్గలేదు. వచ్చిన జలుబు కాలము మాత్రము పెద్దలలో సుమారు 8 శాతము తగ్గినది.

ఉబ్బసముగల పిల్లవాడు ఈ గ్రంథమును నమ్మి వైద్యుడిచ్చిన మందు మానినచో ప్రాణాపాయము. దినమునకు 2 గ్రాములు మించిన విరేచనములు పట్టుకొనవచ్చును. నిత్యావసరమునకు ఒక జామపండు చాలును. పౌలింగ్ వంటి మహాశాస్త్రజ్ఞుడు చెప్పినను, మాటకు ప్రయోగమే ప్రమాణమని ఉపాధ్యాయులు తరగతిలో బోధించుటకు ఈ ప్రకరణము చక్కని ఉదాహరణము.