మాన్సన్ దొరకనివాళ్లకు

ఆరోగ్య పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టినవాళ్లకు మార్గదర్శనం పేరిట జరిగే ఓ వర్క్‌షాప్ ఆహ్వానం ఈ వారం ఈ కాలమిస్టు చేతికొచ్చింది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వరసగా ఉపన్యాసాలు. కుర్రవాళ్లు తమ పని చెప్పుకోవడానికి మాత్రం భోజనాల ముందు అరగంట. వర్క్‌షాప్‌ల మీద ఈయన పాత కక్ష పాఠకులకు తెలిసిందే. వెంటనే మలేరియాను మోసేది దోమేనని తేల్చిన రోనాల్డ్ రాస్‌ను తలుచుకున్నాడు.

1894లో లండన్‌లో, తర్వాత తనకు గురువైన డాక్టర్ ప్యాట్రిక్ మాన్సన్ మైక్రోస్కోపులో చూపించేదాకా మలేరియా పరాన్నజీవి ఉందనే రాస్ నమ్మలేదు. మరుసటి ఏడు సికింద్రాబాద్ చేరాక ఆయనకు పక్కన గైడంటూ లేడు. ఓడల్లో వచ్చిపోయే ఉత్తరాలే దిక్కు. పోనీ గురువు చెప్పినవన్నీ నిజాలా అంటే, అదీ లేదు. దోమలు చచ్చిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందని మాన్సన్ ఊహ. దాన్ని పట్టుకుని రాస్ మనుషులకు దోమల నీళ్లు తాగించాడు కూడా! ఇవాళ్టి ఎథిక్స్ కమిటీ వింటే మూర్ఛపోతుంది.

అయినా ఉత్తరాలు ఆగలేదు. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో పరాన్నజీవి దొరికింది. మరుసటి ఏడాది రాస్ కలకత్తాలో పక్షుల మలేరియా మీద సాధించిన ఫలితాలను ఎడిన్‌బరోలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సభ ముందు పెట్టింది మాన్సనే. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. తర్వాత ఆయన గురువుతోనే తగువుపడ్డాడు, అది వేరే కథ.

ఈ ఊపులో వర్క్‌షాప్‌లను ఏకిపారేద్దామనుకుంటే హుసేన్ ఖాన్ అడ్డొచ్చాడు. రాస్ ప్రయోగాల్లో తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా పుచ్చుకున్న రోగి ఆయన. కలకత్తాలో రాస్ దగ్గర మహమ్మద్ బక్ష్ సహాయకుడిగా పనిచేశాడు. వాళ్లకు ఏ మాన్సన్ ఉత్తరాలు రాశాడు? సెలవు మీద లండన్ వెళ్లగలిగిన దొరకే ఆ గురువు దొరికాడు.

అందుకే, అలాంటివాళ్లకూ గురువును చూపించే ఒక పరిశోధన కోర్సును ఈ కాలమిస్టు ఇష్టం లేకపోయినా మెచ్చుకోక తప్పడం లేదు. క్షయపై పనిచేసే ది యూనియన్, వైద్య సేవా సంస్థ ఎంఎస్ఎఫ్ (సరిహద్దుల్లేని వైద్యులు) 2009లో మొదలుపెట్టిన ఈ శిక్షణ, ప్రపంచ ఆరోగ్య సంస్థలోని ఉష్ణమండల వ్యాధుల పరిశోధన కార్యక్రమం టీడీఆర్ తోడ్పాటుతో ‘సార్ట్ ఇట్’ పేరున చాలా దేశాలకు పాకింది. మన దేశంలోనూ జరిగింది. క్షయ, మలేరియా కార్యక్రమాల్లో పనిచేసే సిబ్బంది తమ రిజిస్టర్లలోని లెక్కల నుంచే ప్రశ్న ఎంచుకుంటారు. మెంటర్ పక్కన కూర్చుని డ్రాఫ్టు దిద్దిస్తాడు. ప్రతి దశకూ గడువుంటుంది, తప్పితే ఇంటికే. చివరికి పత్రం జర్నల్‌కు పంపాల్సిందే.

జిల్లా ఆసుపత్రుల్లో, పీహెచ్‌సీల్లో పనిచేస్తూ పరిశోధన మీద ఆశపడే కుర్ర డాక్టర్లూ, ఇలాంటి కోర్సుకు ప్రకటన పడితే దరఖాస్తు పెట్టండి. సీటొస్తే డ్రాఫ్టు వేళకు పంపండి. అక్కడ సాకులు చెల్లవు.